చలికాలాన్ని సుప్తావస్థలో దాటే జీవులు

జనవరి నెల. ఫజ్ర్ నమాజుకు లేచి వుజూ చేద్దామని నీళ్లు ముట్టుకుంటే చేతులు జివ్వుమంటాయి. ఆదిలాబాద్ వైపో, అరకు లోయ వైపో ఉన్నవారికైతే మరీనూ! రజాయి వదలటానికి మనసొప్పదు. అయినా లేస్తాం. వేడినీళ్లు కాచుకుంటాం, స్వెట్టర్ తొడుక్కుంటాం, కాస్త పొద్దెక్కాక ఎండలో నిలబడతాం. మధ్యాహ్నానికల్లా చలి సంగతే మరచిపోతాం. మన చలికాలం ఇంతే.

కాని భూమి మీద అన్ని ప్రాంతాలూ ఇలా ఉండవు. అలాస్కా, కెనడా, సైబీరియా లాంటి చోట్ల ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీల దాకా పడిపోతుంది. నేల రాయిలా బిగుసుకుపోతుంది. చెరువుల మీద మనుషులు నడవగలిగేంత మందాన మంచుపలక కడుతుంది. ఆకు ఉండదు, పండు ఉండదు, పురుగు ఉండదు. అలా ఒక వారమో రెండు వారాలో కాదు, ఆరేడు నెలలు! అక్కడి ఉడుతకు రజాయి లేదు, కప్పకు పొయ్యి లేదు. మరి అవి ఎలా బతుకుతున్నాయి? ఈ నెల పాఠంలో మనం తెలుసుకోబోయేది ఇదే. పిల్లలకు చదివి వినిపించండి. మనకంటే వాళ్లే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు.

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దుకోవాలి. ఆ జీవుల అసలు కష్టం చలి అని మనం అనుకుంటాం. నిజానికి వాటి కష్టం ఆకలి. దట్టమైన బొచ్చున్న జంతువు ఎంత చలినైనా ఓర్చుకోగలదు, కడుపు నిండితే! శరీరం వెచ్చగా ఉండాలంటే లోపల ఇంధనం కాలుతూ ఉండాలి. బయట చలి పెరిగినకొద్దీ ఇంధనం ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే మేత మాయమవుతుంది. అందుకే కొన్ని పక్షులు వేల మైళ్లు ఎగిరి వలసపోతాయి. కొన్ని జంతువులు గింజలు దాచుకుంటాయి. మరికొన్నింటికి సృష్టికర్త మూడో దారి చూపాడు. అవి ఖర్చునే ఆపేస్తాయి. సంపాదన నిలిచిపోయిన ఇంట్లో ఇల్లాలు ఒక్కొక్క ఖర్చే తగ్గించుకుంటూ నెల గడిపినట్లు, అవి గుండె వేగాన్ని, ఊపిరిని, ఒంటి వేడిని ఒక్కొక్కటిగా తగ్గించుకుంటాయి. దీన్నే పాఠ్యపుస్తకాల్లో శీతాకాల సుప్తావస్థ అంటారు.

ఇది నిద్రేనా?

వాడుకలో దీన్ని దీర్ఘనిద్ర అంటాం గాని, ఇది నిద్ర కాదు. ఈ తేడాను చక్కగా చూపే జీవి అలాస్కాలోని ఆర్కిటిక్ నేల ఉడుత. ఇది చెట్ల మీద తిరిగే మన ఉడుత లాంటిది కాదు. నేలలో బొరియ తవ్వుకుని ఏడాదిలో ఏడెనిమిది నెలలు అందులోనే ముడుచుకుని ఉంటుంది. మామూలుగా దాని ఒంటి వేడి మన ఒంటి వేడి లాగానే 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. సుప్తావస్థలో అది ఎంతకు దిగుతుందో తెలుసా? 1989లో అలాస్కా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బ్రయన్ బార్న్స్ ప్రకటించిన కొలతల ప్రకారం మైనస్ 2.9 డిగ్రీలకు! నీరు సున్నా దగ్గరే గడ్డకడుతుంది కదా, మరి దాని నెత్తురు ఎందుకు గడ్డకట్టలేదు? మంచు కట్టడం మొదలవ్వాలంటే ఏదో ఒక సూక్ష్మమైన కణం ఆధారంగా కావాలి. అలాంటి ఆధారం దొరకనంత కాలం చాలా చల్లబడిన ద్రవం కూడా ద్రవంగానే నిలిచి ఉండగలదు. ఆ ఉడుత కత్తి అంచు మీద నడుస్తున్నట్లే లెక్క.

ఇంకా విచిత్రం ఉంది. రెండు మూడు వారాలకొకసారి అది ఒళ్లంతా వణికించుకుని మళ్లీ 37 డిగ్రీలకు వేడెక్కుతుంది. దాదాపు ఒక రోజు అలా వెచ్చగా ఉండి తిరిగి చల్లబడిపోతుంది. అంత కష్టపడి వేడెక్కి అది చేసే పనేమిటి? చాలాసేపు నిద్రపోతుంది! అవును, నేల ఉడుతల మెదడు తరంగాలను నమోదు చేసినవారు గమనించింది ఇదే. సుప్తావస్థలోని చల్లని మెదడుకు నిద్ర చాలదు కాబోలు, నిద్రపోవటానికి అది లేవాలి. ఉదయం కళ్లు తెరవగానే మనం చదివే దుఆ నిద్రను ఒకరకమైన మరణంగా గుర్తుచేస్తుంది. రోజూ దాటే ఆ చిన్న మరణం గురించే మనకు తెలిసింది ఇంత కొంచెమైతే, ఉడుత దాటే దాని గురించి ఏం చెప్పగలం!

ఒక విషయం గుర్తుంచుకోండి, దీని అవసరం ముందు ముందు వస్తుంది. చలికాలమంతటిలో ఆ ఉడుత ఖర్చుచేసే శక్తిలో అధికభాగం ఈ మెలకువలకే పోతుంది. పడుకుని ఉండటం చవక. లేవటమే ఖరీదు.

రాయిలా బిగుసుకుపోయే కప్ప

నేల ఉడుత గడ్డకట్టకుండా తప్పించుకుంటుంది. ఉత్తర అమెరికా అడవుల్లోని వుడ్ ఫ్రాగ్ అనే చిన్న కప్ప తప్పించుకోదు, నిజంగానే గడ్డకడుతుంది. మనిషి అరచేతిలో ఇమిడిపోయే ఈ కప్ప లోతుగా తవ్వుకోలేదు. రాలిన ఆకుల కింద దూరి కూర్చుంటుంది. పైన మంచు పడుతుంది. చర్మాన్ని మంచు తాకిన క్షణం నుంచి దాని ఒంట్లో హడావుడి మొదలవుతుంది. కాలేయం తన నిల్వలన్నీ కరిగించి గ్లూకోజ్‌గా మార్చి నెత్తురులోకి వదులుతుంది. మనిషి నెత్తురులో చక్కెర అంతగా పెరిగితే ప్రాణం నిలవదు. ఇంట్లో షుగర్ ఉన్నవారికి ఈ సంగతి బాగా తెలుసు. కప్పకు మాత్రం ఆ చక్కెరే కవచం. చిక్కని పాకం త్వరగా గడ్డకట్టనట్లే, కణాల లోపలి నీరు ఆ చక్కెర వల్ల ద్రవంగా మిగులుతుంది. కణాల బయటి నీరు మాత్రం మంచవుతుంది. మంచు స్ఫటికాలు కణం లోపల ఏర్పడితే కణం చిరిగిపోయేది. బయట ఏర్పడితే కణం కాస్త ముడుచుకుంటుంది, అంతే.

చివరకు దాని ఒంట్లోని నీటిలో మూడింట రెండు వంతులు మంచుగా మారిపోతుంది. ఊపిరి ఆగిపోతుంది. గుండె ఆగిపోతుంది. నెత్తురు కదలదు. చేత్తో పట్టుకుంటే చిన్న రాయి. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో అలాస్కా కప్పలు మైనస్ 18 డిగ్రీల చలిని కూడా తట్టుకుని, ఆరు నెలలకు పైగా అలా ఉండి బయటపడ్డాయి. వసంతంలో మంచు కరిగేటప్పుడు ముందు గుండె కొట్టుకోవటం మొదలవుతుంది, ఆ తర్వాత ఊపిరి, చిట్టచివర కాళ్లు కదులుతాయి. కొద్ది రోజుల్లోనే ఆ కప్ప నీటిగుంట ఒడ్డున జంట కోసం అరుస్తూ ఉంటుంది!

కొందరు రచయితలు ఈ కప్పను చూపించి, మరణించినవారు తిరిగి లేవటానికి ఇదే రుజువు అని రాస్తుంటారు. మేము అంత దూరం వెళ్లం. ఆ కప్ప చనిపోలేదు. దాని కణాలు లోపల ప్రాణంతోనే ఉన్నాయి. ఉన్న సంగతిని ఉన్నట్లు చెబితేనే ఆశ్చర్యం ఎక్కువ. మార్పిడి కోసం తీసిన మనిషి గుండెను మంచుపెట్టెలో ఎంత జాగ్రత్తగా ఉంచినా మామూలు పద్ధతిలో నాలుగు నుంచి ఆరు గంటలకు మించి నిలవదు. ఒక ఊళ్లో దాత కుటుంబం ఒప్పుకున్నా, మరో ఊళ్లో రోగి ఎదురుచూస్తున్నా, మధ్య దూరానికి ఆ గంటలు చాలకపోతే గుండె వృథా అయిపోతుంది. ఆకుల కింది కప్ప అదే పనిని నెలల తరబడి చేస్తోంది. అందుకే అవయవాలను నిల్వచేసే మార్గాలు వెతికే శాస్త్రవేత్తలు ఈ కప్ప వైపు చూస్తున్నారు.

కప్ప అంటే చాలామందికి చీదర. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని ఒక వైద్యుడు మందులో కప్పను వాడవచ్చా అని అడిగితే, కప్పను చంపవద్దని వారించారని హదీసు గ్రంథాల్లో ఉంది.

ఎలుగుబంటి తల్లి

ఇక ఎలుగుబంటి. మన నల్లమలలో తిరిగే ఎలుగుబంటికి సుప్తావస్థ లేదు. చెదపురుగులో, తేనో, పండ్లో ఏడాది పొడుగునా దొరుకుతూనే ఉంటాయి కాబట్టి దానికి అవసరం రాలేదు. కశ్మీర్‌లోని దాచీగామ్ అడవుల్లో ఉండే నల్ల ఎలుగుబంటి మాత్రం మంచు కురిసే నెలల్లో గుహల్లోనో, చెట్టు తొర్రల్లోనో పడుకుంటుంది.

అలాస్కా నల్ల ఎలుగుబంట్లను కెమెరాలతో, కొలత పరికరాలతో గమనించిన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఉడుతలా ఎలుగుబంటి పూర్తిగా చల్లబడదు. దాని ఒంటి వేడి 30 డిగ్రీలకు తగ్గదు. అయినా ఖర్చు మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. నిమిషానికి 55 సార్లు కొట్టుకునే గుండె పద్నాలుగు సార్లకు దిగుతుంది. అయిదు నుంచి ఏడు నెలలు అన్నం లేదు, నీళ్లు లేవు, మలమూత్రాలు లేవు. మూత్రంగా బయటికి పోవలసిన యూరియాను తిరిగి మాంసకృత్తులుగా మార్చుకుంటుంది. మనలో ఎవరికైనా రెండు మూడు రోజులు మూత్రం బంద్ అయితే ఆసుపత్రికి పరుగెత్తాలి!

ఇంతటి ఉపవాసంలోనే తల్లి ఎలుగుబంటి ప్రసవిస్తుంది. పిల్లలు పుట్టినప్పుడు అరకిలో బరువు కూడా ఉండవు. కళ్లు తెరవవు. తల్లి తాను ఏమీ తినకుండానే వాటికి పాలిచ్చి, వసంతం వచ్చేసరికి గుహ బయటికి నడిపించుకువస్తుంది. గర్భం విషయంలో ఇంకో ఏర్పాటు ఉంది. ఎండాకాలంలో నిలిచిన పిండం అప్పుడే గర్భసంచికి అంటుకోకుండా నెలల పాటు ఆగి ఉంటుంది. శరత్కాలంలో తల్లి ఒంట్లో చాలినంత కొవ్వు చేరితేనే అది ఎదగటం మొదలవుతుంది, చాలకపోతే ఎదగదు. పెంచలేని బిడ్డను మోసే భారం ఆ తల్లి మీద పడదు.

మన ఇళ్లలో మంచాన పడిన పెద్దవాళ్లకు సేవ చేసినవారికి ఎలుగుబంటి విషయం మరింత వింతగా తోస్తుంది. నాన్నమ్మ కొద్ది వారాలు మంచం దిగకపోతే కాళ్ల కండ కరిగిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి. గంట గంటకూ పక్క మార్చకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. కాలి సిరల్లో నెత్తురు గడ్డకడుతుందేమోనని డాక్టర్లు భయపడతారు. దివ్యఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో గుహవాసుల వృత్తాంతం చదివేటప్పుడు, నిద్రలో ఉన్న వారిని కుడి పక్కకు, ఎడమ పక్కకు తిప్పటం జరిగిందన్న ప్రస్తావన వస్తుంది. రోగి పక్క మార్చే చేతులకు ఆ చిన్న వివరం ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పనక్కరలేదు. (గుహవాసుల విషయం అల్లాహ్ చూపిన ప్రత్యేక మహిమ. దాన్ని ఎలుగుబంటి సుప్తావస్థతో పోల్చి వివరించాలనుకోవటం సరికాదని మా అభిప్రాయం.)

ఎలుగుబంటి నెలల తరబడి కదలకపోయినా దాని కండ పెద్దగా తరగదు, ఎముక సన్నబడదు, నెత్తురు గడ్డకట్టదు. చివరి విషయానికి కారణం 2023లో కొంత బయటపడింది. స్వీడన్‌లోని గోధుమరంగు ఎలుగుబంట్ల నెత్తురును చలికాలంలోనూ ఎండాకాలంలోనూ తీసి పోల్చారు. నెత్తురు గడ్డలకు తోడ్పడే హెచ్‌ఎస్‌పి 47 అనే ఒక మాంసకృత్తు చలికాలంలో బాగా తగ్గిపోతోంది. వెన్నుపాము దెబ్బతిని ఏళ్ల తరబడి కదలలేకపోయిన మనుషుల్లో కూడా అదే మాంసకృత్తు తగ్గి ఉందని తేలింది. అంటే ఈ ఏర్పాటు ఎలుగుబంటికే కాదు, ఎంతో కొంత మనకూ ఇవ్వబడింది.

పురుగులు చదివే క్యాలెండర్

పురుగుల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. తేనెటీగలు చలికాలంలో సుప్తావస్థలోకి వెళ్లవు. గుంపుగా ముద్దకట్టి, రెక్కల కండరాలను వణికిస్తూ వేడి పుట్టించుకుంటాయి. దాచుకున్న తేనెను అందుకే ఖర్చుచేస్తాయి. బంబుల్ బీ అనే పెద్ద ఈగల్లో మాత్రం గుంపంతా శరత్కాలంలో చనిపోతుంది. కొత్త రాణి ఒక్కతే మట్టిలో దాగి, వసంతంలో లేచి మళ్లీ కాపురం పెడుతుంది. అక్షింతల పురుగులు వేల సంఖ్యలో ఒకేచోట గుమిగూడి కదలకుండా ఉండిపోతాయి.

అసలు గమనించవలసింది ఏమిటంటే, చాలా పురుగులు చలి వచ్చేదాకా ఆగవు. చలి నమ్మదగిన గుర్తు కాదు. ఒక సంవత్సరం ముందే వస్తుంది, ఒక సంవత్సరం ఆలస్యంగా వస్తుంది. ఎన్నడూ మాట తప్పనిది పగటి నిడివి. పగలు ఇంత కురచబడింది అంటే ఇంక కొన్ని వారాల్లో చలి వస్తుందన్నమాట. నమాజు వేళల పట్టికలో మగ్రిబ్ రోజురోజుకూ ముందుకు జరగటాన్ని మనం చూస్తాం కదా, గొంగళిపురుగు కూడా దాన్నే చూస్తుంది! దాన్ని బట్టి ఎదుగుదల ఆపుకుని సుప్తావస్థకు సిద్ధమవుతుంది. పురుగుల్లోని ఈ స్థితిని డయాపాజ్ అంటారు.

మన పత్తి రైతులకు ఇది పుస్తకాల మాట కాదు. గులాబీరంగు పురుగు పంట చివర్లో ఇలాగే కాయల్లో, గింజల మధ్య, ఎండిన కట్టెల్లో పడి ఉండి, మరుసటి పంటకు లేచివస్తుంది. డిసెంబరు, జనవరి దాటాక పత్తిని పొలంలో ఉంచవద్దని, కట్టెను నిల్వ పెట్టవద్దని వ్యవసాయాధికారులు చెప్పేది ఇందుకే. నాలుగు క్వింటాళ్లు ఎక్కువ వస్తుందని పంటను పొడిగించిన రైతు, ఆ పురుగుకు పడక వేసి ఇచ్చినట్లే.

లేపితే ఏమవుతుంది?

ఉడుత విషయంలో గుర్తుంచుకోమన్న మాట ఇప్పుడు చూద్దాం. లేవటమే ఖరీదు. సుప్తావస్థలో ఉన్న ప్రతి జీవీ శరత్కాలంలో కూడబెట్టుకున్న కొవ్వుతో, లెక్కపెట్టినన్ని మెలకువలతో వసంతం దాకా చేరుకోవాలి. అనుకోకుండా ఒకసారి ఎక్కువ లేస్తే, ఆ లోటు పూడ్చుకునే మేత బయట లేదు.

దీనికి విషాదకరమైన ఉదాహరణ అమెరికా గబ్బిలాలు. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక గుహలో, ముక్కు మీద తెల్లని బూజు పట్టిన గబ్బిలాలు కనిపించాయి. ఆ బూజు చల్లని చోటే పెరుగుతుంది. సుప్తావస్థలోని గబ్బిలం ఒళ్లు చల్లగా ఉంటుంది, రోగాన్ని ఎదిరించే శక్తి కూడా అప్పుడు మందగించి ఉంటుంది. బూజు రెక్కల చర్మాన్ని తినివేస్తుంటే అవి మాటిమాటికీ లేస్తాయి. కొవ్వు జనవరికో ఫిబ్రవరికో అయిపోతుంది. పురుగుల కోసం మంచులోకి ఎగిరి, దొరకక, గుహ ముందే రాలిపోతాయి. 2012 నాటికే 57 నుంచి 67 లక్షల గబ్బిలాలు చనిపోయాయని అక్కడి వన్యప్రాణి విభాగం అంచనా వేసింది. ఆ బూజు బట్టలకు, బూట్లకు అంటుకుని ఒక గుహ నుంచి మరో గుహకు చేరగలదని తెలిశాక, చాలా గుహల్లోకి సందర్శకులను ఆపేశారు. బూజు లేకపోయినా సరే, చలికాలంలో గుహలోకి టార్చిలైట్లతో, మాటలతో వెళ్లే గుంపు వల్ల కూడా గబ్బిలాలు లేచిపోతాయి. వెళ్లినవారికి తాము ఏమీ ముట్టుకోలేదనే అనిపిస్తుంది.

మన వైపు గడ్డకట్టే చలి లేదు కాబట్టి ఈ సంగతులన్నీ దూరదేశాలవని అనుకోవద్దు. ఇక్కడ కష్టకాలం ఎండాకాలం. చెరువు ఎండి నెర్రెలు విచ్చినప్పుడు పెద్ద కప్పలు బురద అడుగున దూరి, పైన మట్టి గట్టిపడినా లోపలి చెమ్మతో, తగ్గించుకున్న ఊపిరితో వానల దాకా ఆగుతాయి. దీన్ని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. తొలకరి పడ్డ రాత్రి ఉన్నట్టుండి ఊరంతా బెకబెకలతో మారుమోగితే, కప్పలు వానతోపాటు ఆకాశం నుంచి పడ్డాయని పల్లెల్లో అనేవారు. అవి అన్నాళ్లూ మన కాళ్ల కిందే ఉన్నాయి.

ఏప్రిల్, మే నెలల్లో చెరువు పూడికమట్టిని ట్రాక్టర్లలో పొలాలకు తోలుతుంటారు. పిల్లలు ఆ మట్టికుప్పల మీద ఆడుకుంటారు. గడ్డ పగిలినప్పుడు లోపల కదలని కప్ప కనిపిస్తే వాళ్లు దాన్ని పుల్లతో పొడవటమో, చచ్చిందనుకుని ఎండలోకి విసరటమో చేస్తారు. అది చచ్చింది కాదని పిల్లలకు చెప్పండి. చెట్టు నీడన, నీళ్లకుండీ పక్కనో అరటి మొదట్లోనో తడిమట్టి ఉన్న చోట చిన్న గుంట తీసి, దాన్ని అందులో ఉంచి, పైన వదులుగా మట్టి కప్పి వదిలేయమనండి. నీళ్లు పోసి లేపే ప్రయత్నం చేయవద్దు. వాన పడినప్పుడు అదే లేస్తుంది.